కోటేశ్వరరావు కట్టిన సామెతలు

నూకలవారిపాలెంలో తారీఖు కావలసినవాళ్ళు ఫోను చూసుకుంటారు. కార్తె కావలసినవాళ్ళు మాత్రం రామకోటేశ్వరరావు ఇంటికి రావలసిందే. ఉయ్యూరు నుంచి పంట కాలవ గట్టు పట్టుకుని ఆరు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే ఆ ఊళ్ళో ఆయనకు సొంత భూమి రెండున్నర ఎకరాలు, కౌలుకు మరో ఎకరంన్నర. భూమి తక్కువే గానీ పేరు పెద్దది. కార్తెల కోటేశ్వరరావు అంటే చుట్టుపక్కల నాలుగూళ్ళకు తెలుసు.

పెళ్ళి ముహూర్తానికి పంతులుగారు ఎట్లాగో, నారు పోసే ముహూర్తానికి ఆయన అట్లాగ. "రోహిణిలో రోళ్ళు పగులుతాయి" దగ్గర మొదలుపెట్టి "ఉత్తర చూసి ఎత్తర గంప" దాకా ఇరవై ఏడు కార్తెల సామెతలూ నాలుక చివర ఉండేవి. ఎవరైనా వచ్చి "విత్తనాలు ఎప్పుడు నానబెట్టమంటారండీ?" అని అడిగితే వీధిలోకి వచ్చి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని తూర్పుకు చూసేవాడు. అర నిమిషం మాట్లాడేవాడు కాదు. ఆ తరవాత తీర్పు చెప్పేవాడు. ఆ అర నిమిషంలో ఆయన ఏం లెక్క కడుతున్నాడో అని వచ్చినవాళ్ళు ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఏమీ కట్టడని ఆయన భార్య రావమ్మ ఒక్కదానికే తెలుసు. అడిగిన వెంటనే చెబితే మాటకు బరువుండదని ఆగేవాడు, అంతే.

అయితే కొన్నేళ్ళుగా ఆకాశం పంచాంగం చదవడం మానేసింది. ముంగిళ్ళు చల్లబడవలసిన మృగశిరలో ముంగిట్లో కాలు పెడితే అరికాలు బొబ్బలెక్కింది. ఆరుద్రలో చుక్క లేదు, కాలవలో చుక్క లేదు. మృగశిరలో ఆయన పోయించిన నారు మడిలోనే ముదిరి, పీకబోతే చేతికి గడ్డిలా వచ్చింది. మొదటి ఏడు "అధిక మాసం వచ్చింది కదా, వాన దారి తప్పింది" అన్నాడు. రెండో ఏడు తప్పు ఎగువనున్న డ్యాముల మీదికి తోశాడు. మూడో ఏడు తోయడానికి ఎవరూ దొరకలేదు.

ఆ ఏడు డిసెంబరు మొదటి వారంలో కోతలు కోసి, పనలు ఇంకా చేలమీదే ఉన్నాయి. తుపాను వస్తుందని టీవీలో చెప్పారు. జనం పరుగెత్తుకుని వచ్చి కోటేశ్వరరావును అడిగారు. ఆయన తూర్పుకు చూసి, ఆగి, "జ్యేష్ఠ కార్తెలో తుపానేంటి? మా నాన్న హయాంలో లేదు, నా హయాంలో రాదు" అన్నాడు.

రెండు రోజులు ఆగకుండా కురిసింది.

మూడో రోజు పొద్దున రత్తయ్య వచ్చాడు. కోటేశ్వరరావు చేను గట్టు పక్కనే అతని చేను. వరసకు బావ. వస్తూ వస్తూ గుప్పెడు వడ్లు తెచ్చి అరుగు మీద పోశాడు. ప్రతి గింజకూ తెల్లగా అంగుళం మొలక.

"బావా, బాగా మొలిచినయ్యి" అన్నాడు రత్తయ్య, ఎంతో మర్యాదగా. "పెసల మొలకలకన్నా బాగున్నాయి. ఉల్లిపాయ తరిగి, నిమ్మకాయ పిండి మా చెల్లెమ్మ చేత పెట్టిస్తావా, ఊరందరం కూచుని తింటాం?"

కోటేశ్వరరావు చేను కూడా అట్లాగే మొలిచింది. ఆ మాట చెప్పుకుని జాలి సంపాదిద్దామన్నా నోరు రాలేదు. అప్పటినుంచి శౌరమ్మ టీ కొట్టు ముందునుంచి వెళ్ళడం మానేసి, చేలోకి వెనకవీధి చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. టీ కొట్టు దారి అయితే ఫర్లాంగు. వెనకవీధి దారి అయితే మైలున్నర, పైగా రెండు కుక్కలు.

వేసవి నడుమ ఉషశ్రీ అనే అమ్మాయి కోటేశ్వరరావు ఇంటికి వచ్చింది. ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో ఆమె వ్యవసాయ సహాయకురాలు. ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఇల్లు బెజవాడ పటమటలో. రోజూ స్కూటీ మీద వచ్చిపోతుంది. చదువుకున్నదే, పనిమంతురాలే గానీ మైకు పట్టుకుంటే చాలు, "అల్పపీడన ప్రభావంతో అక్కడక్కడ చెదురుమదురుగా తేలికపాటి నుంచి ఒక మోస్తరు" అంటూ మొదలుపెట్టేది. రైతులు ఆ మాటలను బస్టాండులో బస్సుల ప్రకటనలు విన్నట్టు వినేవాళ్ళు. తమ బస్సు కాదనుకునేవాళ్ళు.

ఆమె చేతిలో ఒక పొడుగాటి డబ్బా ఉంది.

"అంకుల్, మీ దొడ్డి బాగా ఖాళీగా ఉంది. చెట్ల అడ్డం లేదు. ఈ రెయిన్ గేజ్ ఇక్కడ పెట్టుకోవచ్చా? రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు ఇందులో నీళ్ళు ఈ గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో నాకు ఫోనులో పెడితే చాలు."

కోటేశ్వరరావుకు ఒళ్ళు మండింది. "వానను డబ్బాతో కొలుస్తారా అమ్మా? మబ్బు రంగు చూసి ఎన్ని పాళ్ళు కురుస్తుందో చెప్పేవాణ్ణి నేను."

"అంటే వద్దంటారా?"

"పెట్టమ్మా, పెట్టు" అంది లోపలినుంచి రావమ్మ. "మబ్బు రంగు చూసి చెప్పేది మూడేళ్ళనుంచి చూస్తానే ఉన్నాం. డబ్బా అయితే నోరు మూసుకుని ఉంటది."

అట్లా వాన డబ్బా దొడ్లోకి వచ్చింది. మొదటి వారం కోటేశ్వరరావు దానివైపు చూడలేదు. రెండో వారం, ఎవరూ చూడకుండా ఒకసారి మూత తీసి చూశాడు. నెల తిరిగేసరికి పొద్దున ఎనిమిదింపావుకే గ్లాసు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, డబ్బా ముందు హారతికి నిలబడినట్టు నిలబడేవాడు. వాన లేని రోజు కూడా "సున్నా" అని మెసేజి పెట్టేవాడు. ఒకరోజు చుట్టం చనిపోతే గన్నవరం వెళ్ళవలసి వచ్చింది. కొలత అయ్యేదాకా బస్సెక్కనన్నాడు. పోయినాయన ఎట్లాగూ ఆగుతాడు గానీ ఎనిమిదిన్నర ఆగదన్నాడు.

ఒక పొద్దున, ఆకాశం అద్దంలా ఉన్నప్పుడు, డబ్బాలో ముప్ఫై రెండు మిల్లీమీటర్లు కనపడ్డాయి. రాత్రి తాను నిద్రలో ఉండగా కురిసి వెలిసిందనుకుని గర్వంగా మెసేజి పెట్టాడు. పావుగంటలో మండలం ఆఫీసునుంచి ఫోను. "ఏమండీ, చుట్టుపక్కల ఎక్కడా తడి లేదు, మీ ఊళ్ళో మేఘం గానీ బద్దలయ్యిందా?"

బద్దలైంది మేఘం కాదు. డబ్బా పక్కనే రావమ్మ కనకాంబరాల మడి ఉంది. పైపుతో నీళ్ళు పెడుతూ ఫోనులో చెల్లెలితో మాట్లాడుతూ ఆమె అటు తిరిగింది. ఆ సాయంత్రమే కోటేశ్వరరావు డబ్బా చుట్టూ ముళ్ళకంప కట్టాడు. కట్టినవాడు తాను లోపలికి పోవడానికి దారి వదలడం మరిచిపోయాడు. మర్నాడు కొలతకు పంచె చిరిగింది.

కొలత పెట్టేవాళ్ళందరినీ ఉషశ్రీ ఒక గ్రూపులో చేర్చింది. అందులో ఐదు రోజుల ముందుగానే వాన కబురు వచ్చేది. వానతోపాటు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో సలహా కూడా ఉండేది. కోటేశ్వరరావు మొదట నవ్వుకుంటూ చదివాడు. తరవాత ఒక కాగితం మీద వాళ్ళు చెప్పింది ఒకపక్క, డబ్బా చెప్పింది ఒకపక్క, తన కార్తె చెప్పింది ఒకపక్క రాసి చూసుకున్నాడు. ఫోను ప్రతిసారీ గెలవలేదు. పదింటికి ఏడుసార్లు గెలిచింది. కార్తె పదింటికి రెండు. ఆ కాగితాన్ని మడిచి, ఎవరికీ దొరకకుండా దిండు గలీబులో పెట్టుకున్నాడు.

జూలై మొదటి వారం వచ్చింది. కాలవకు నీళ్ళు ఇంకా మూడు వారాలకు గానీ రావని మెసేజి. పన్నెండో తారీఖు తరవాత మంచి వాన పడుతుందని కూడా ఉంది. అందువల్ల నారు పోసి, పీకి, నాటే పని పెట్టుకోకుండా, పొడి దుక్కిలోనే వడ్లు వెదజల్లమని సలహా. ఉషశ్రీ మైకులో ఇదే చెప్పింది. "కోళ్ళకు మేత వేసినట్టు చేలో వడ్లు చల్లుకుంటామా" అని నవ్వి ఊరుకున్నారు.

కోటేశ్వరరావు ఆ రోజు ధైర్యం చేసి శౌరమ్మ టీ కొట్టుకు వెళ్ళాడు. తానైతే చల్లాలనే నిశ్చయించుకున్నాడు. కాకపోతే తానొక్కడే చల్లితే ఊళ్ళో పిట్టలన్నీ తన నాలుగెకరాల మీదే వాలతాయి. నలుగురు చల్లితే నలుగురికీ పంచుకుంటాయి.

"ఏం బావా, చాలాకాలానికి" అన్నాడు రత్తయ్య. "ఈ కార్తె ఏమంటది?"

కొట్టు ముందు బల్లమీద ఉన్న ఎనిమిదిమందీ తలలెత్తారు. ఫోను చూసి చెబుతున్నానని అనబోయాడు. కానీ నలభై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? చెయ్యి దానంతటదే కళ్ళమీదికి పోయింది. తూర్పుకు చూశాడు. తూర్పున శౌరమ్మ కొట్టు రేకు తప్ప ఏమీ కనపడలేదు. నోట్లోంచి ఎక్కడిదో తెలియని మాట ఊడిపడింది.

"పునర్వసున పొడి చల్లితే, పుష్యమికి పొలం పచ్చన."

ఇట్లాంటి సామెత భూమి పుట్టిన దగ్గరనుంచీ లేదు. ఎవరైనా పట్టుకుంటారేమోనని టీ గ్లాసులోకి చూస్తూ కూచున్నాడు.

"అవున్రా!" రత్తయ్య తొడమీద చరిచాడు. "మా తాత అనేవాడు ఈ మాట! అచ్చం ఇదే మాట! నేనే మరిచిపోయాను."

కోటేశ్వరరావుకు టీ పొలమారింది.

వారంలో ఊళ్ళో మూడోవంతు చేలల్లో పొడి వడ్లు పడ్డాయి. ముందు రత్తయ్యే చల్లాడు, తాతమీద గౌరవంతో. ఆ పది రోజులూ పావురాలకు పండగ. రావమ్మ స్టీలు పళ్ళెం, గరిటె పట్టుకుని గట్టుమీద తిరిగింది. "ఇదే పళ్ళెంలో రేపు మీకు అన్నం పెట్టాలి, మొలవకపోతే ఈ చప్పుడే తిందురుగాని" అని మొగుణ్ణి హెచ్చరించింది. మొలిచినప్పుడు కూడా చేను చూడముచ్చటగా లేదు. ఒకచోట వత్తుగా, ఒకచోట బోసిగా, తెలియనివాడు క్షవరం చేసిన తలలా ఉంది. నాటే రోజులకోసం కాచుకున్నవాళ్ళు గట్టుమీద నిలబడి నవ్వారు. అయితే పద్నాలుగున వాన పడింది. కాలవ నీళ్ళు ఆగస్టు మొదట్లో వచ్చేసరికి చల్లినవాళ్ళ చేలు జానెడు ఎత్తున ఉన్నాయి. నవ్వినవాళ్ళు అప్పుడు నారుకోసం ఊళ్ళు తిరుగుతున్నారు.

దాంతో కోటేశ్వరరావు పేరు మళ్ళీ లేచి కూచుంది. పేరు లేచాక ఆయన కూచోలేకపోయాడు. ఆగస్టులో పెద్దవాన ఉందని ఫోను చెబితే, "మఖలో మబ్బు కమ్మితే మడవ తెంచు" అన్నాడు. అందరూ గట్లకు మడవలు తీసి నీళ్ళు పోయే దారి చేసుకున్నారు. యూరియా బస్తాలు తెచ్చి పెట్టుకున్నాక మళ్ళీ వాన కబురు వచ్చింది. చల్లితే ఆ పిండి అంతా బోదె కాలవలోకి కొట్టుకుపోతుందని చెప్పాలి. "పుబ్బలో పిండి, బోదెకు తిండి" అన్నాడు. ఇది ఆయనకే ఎంతో నచ్చింది. ఇంటికొచ్చి రావమ్మకు మూడుసార్లు వినిపించాడు.

"పిండి, తిండి. బాగుంది" అంది రావమ్మ. "గేదెకు తిండి ఎవరు వేస్తారు?"

ఆ సామెతలు ఊళ్ళో ఆగలేదు. ఉయ్యూరు సంతలో ఎవరో అన్నారట. మండలం ఆఫీసు గోడమీద, "మన పూర్వీకుల మాట" అని పైన పెద్దక్షరాలతో, కింద పుబ్బ సామెత రంగులతో రాయించారు. అంతటితో పోయినా బాగుండేది. సెప్టెంబరు చివర రాజ్యశ్రీ అనే ఆవిడ కెమెరా అతన్ని వెంటబెట్టుకుని ఊళ్ళోకి దిగింది. పాతకాలపు వ్యవసాయ జ్ఞానాన్ని భద్రం చేసే పనిలో ఉందట. ఉషశ్రీ ఆమెను తీసుకొచ్చి కోటేశ్వరరావు అరుగుమీద కూచోబెట్టింది.

"ఈ సామెత మీకు ఎవరినుంచి వచ్చిందండీ?" అని అడిగింది రాజ్యశ్రీ, భక్తిగా.

కెమెరా ఎర్రదీపం వెలిగింది. కోటేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "మా ముత్తాతగారు అనేవారండీ. చేలో మడవ తీస్తూ అనేవారట."

కాఫీ గ్లాసులు పట్టుకుని వస్తున్న రావమ్మ గడపలో ఆగింది. "మీ ముత్తాతగారు చేలోకి ఎప్పుడు దిగారండీ? బందరులో ప్లీడరు దగ్గర గుమాస్తా కదా?"

"అమ్మ తరఫు" అన్నాడు కోటేశ్వరరావు, చెమట తుడుచుకుంటూ.

ఈలోగా కెమెరా సంగతి తెలిసి రత్తయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పునర్వసు సామెత అసలు తన తాతదని, తాత దాన్ని ఏ గట్టుమీద, ఏ ఎద్దుల జతతో ఉండగా అన్నాడో, ఆ ఎద్దుల్లో ఏది పొడిచేదో పదిహేను నిమిషాలు చెప్పాడు. రాజ్యశ్రీ కళ్ళు తుడుచుకుంది.

వాళ్ళు వెళ్ళాక ఉషశ్రీ వెళ్ళలేదు. ఫోను తీసి కోటేశ్వరరావు ముందు పెట్టింది.

"అంకుల్, మఖ సామెత మీరు చెప్పింది ఇరవయ్యో తారీఖు. నా మెసేజి పంతొమ్మిదిన వచ్చింది. పుబ్బది మీరు అన్నది నాలుగున. నా మెసేజి మూడున. మీ ముత్తాత మా గ్రూపులో ఉన్నారా?"

కోటేశ్వరరావు ముఖం వేలాడేశాడు. "ఎవరికీ చెప్పకమ్మా. ఈ వయసులో పరువు పోతే మళ్ళీ వెనకవీధి తిరగాలి. ఆ కుక్కలు ఇప్పుడు పిల్లల్ని కూడా పెట్టినయ్యి."

ఉషశ్రీ పడీ పడీ నవ్వింది. నవ్వాక, "ఏడాదినుంచి నేను మైకులో అరిస్తే పదిమంది వినలేదు. మీరు రెండు ముక్కలు ప్రాస కలిపితే ఊరంతా మడవలు తీసింది. నాకు ఆకుమచ్చ తెగులుకు ఒకటి కావాలి అంకుల్. దోమపోటుకు ఒకటి. సోమవారానికి అవుతాయా?" అంది, దర్జీకి జాకెట్టు గుడ్డ ఇచ్చినట్టు.

అక్టోబరు అట్లా గడిచింది. నవంబరు నాలుగో వారంలో, చేలన్నీ బంగారంలా పండి, గురువారానికి కోత మిషను మాట్లాడుకున్నాక, సోమవారం పొద్దున కబురొచ్చింది. తీవ్ర తుపాను. శుక్ర, శనివారాల్లో అతిభారీ వానలు. కోతలు ఆపండి. కోసిన పనలుంటే కుప్పవేసి బరకాలు కప్పండి. మురుగు కాలవల్లో అడ్డాలు తీయండి.

కోటేశ్వరరావు సామెత కోసం కూచున్నాడు. నడుస్తున్నది అనూరాధ కార్తె. అనూరాధకు ప్రాస దొరకలేదు. "అనూరాధలో కోత..." అన్నాడు. "తలరాత" బాగుందిగానీ జనం దాన్ని కొయ్యమన్నట్టు కూడా అర్థం చేసుకోవచ్చు. మధ్యాహ్నం అయ్యింది. భోజనం చల్లారింది. సాయంత్రం గేదెను కట్టేస్తూ కూడా "రాధ, బాధ, గాథ" అని గొణుగుతూనే ఉన్నాడు.

"అనూరాధ, మీ బాధ, నా గాథ" అంది రావమ్మ. "ఊరు మునిగేదాకా ప్రాస వెతుకుతారా? వెళ్ళి ఉన్న మాట చెప్పండి."

మంగళవారం పొద్దున టీ కొట్టు దగ్గర చెప్పాడు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టలేదు. తూర్పుకు చూడలేదు. "తుపాను వస్తోంది. మిషను వద్దని చెప్పండి. మురుగు కాలవలో గుర్రపుడెక్క పీకాలి, అందరూ రండి" అన్నాడు.

జనం ఇంకా ఏదో వస్తుందన్నట్టు చూశారు.

"సామెత?" అన్నాడు ఒకాయన.

"సామెత లేదు."

"అదేంటండీ, సామెత లేకుండా ఎట్టా నమ్మేది? గురువారం పోతే మిషను మళ్ళీ పది రోజులకు గానీ దొరకదు."

కోటేశ్వరరావుకు బీపీ లేచింది. "సామెతా లేదు, గీమెతా లేదు! అవన్నీ నేను కట్టినవి! ఫోనులో చూసి కట్టాను! పునర్వసూ నేనే, మఖా నేనే, గోడమీద పుబ్బా నేనే!"

రత్తయ్య మెల్లిగా లేచాడు.

"మరి పునర్వసుది మా తాత అన్నాడుగా?"

"మీ తాత అనలేదు."

"నేను చెవులారా విన్నాను."

"వినలేదు. నేను ఇక్కడే, ఈ బల్లమీదే కూచుని అల్లాను."

"అంటే మా తాత అబద్ధాలకోరా? కెమెరాలో కూడా చెప్పానే!" రత్తయ్య కండువా విసిరికొట్టాడు. "మా తాతను అంటే ఊరుకోను బావా!"

తుపాను సంగతి మూలకు పోయింది. పోయిన తాత చుట్టూ ఊరు రెండు పక్షాలయ్యింది. కొందరికి మోసపోయామని కోపం. కొందరు, ఫోనుదైతే ఏంటి, పంట పండిందిగా అన్నారు. కోటేశ్వరరావు అరిచి అరిచి గొంతు పోయి, బల్లమీద కూలబడ్డాడు. ఇంత పరువు పోగొట్టుకున్నా ఒక్కడు కదలలేదే అని ఆయనకు ఏడుపొచ్చినంత పనయ్యింది.

అప్పుడే రోడ్డుమీద రావమ్మ కనపడింది. చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, భుజాన పార, చేతిలో కొడవలి. కొట్టుకేసి చూడను కూడా చూడకుండా పోతోంది.

"ఎక్కడికి అక్కయ్యా?" అంది శౌరమ్మ.

"మురుగు కాలవకి. గుర్రపుడెక్క తియ్యను. మిషనోడికి ఫోను చేసి వద్దన్నాను. వాళ్ళ తగువు తీరినాక ఆ మొగాళ్ళను కూడా పంపమ్మా."

శౌరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ఆమెకూ అరెకరం కౌలు చేను ఉంది. స్టవ్వు ఆర్పి, టీ గిన్నె మీద మూత పెట్టింది. "రావమ్మక్క మిషను వద్దందంటే నిజమే. సామెతలు సరదాకి చెబుతారుగానీ మిషను సరదాకి వదులుకోరు" అని కొట్టు దిగింది. టీ లేని కొట్టు ముందు ఎంతసేపు కూచుంటారు? ఒక్కొక్కరే లేచారు.

రెండు రోజులు నలభైమంది మోకాలి లోతు బురదలో గుర్రపుడెక్క లాగి గట్టున పోశారు. కోటేశ్వరరావు గొంతు లేక సైగలతో పెత్తనం చేశాడు. ఉషశ్రీ స్కూటీ మీద బరకాలు మోసుకొచ్చింది. రత్తయ్య కూడా వచ్చాడు. కానీ బావకు ఇరవై గజాల దూరంలో, వీపు తిప్పుకుని లాగాడు. అతను తొందరపడి సోమవారమే కూలీలతో ఎకరంన్నర కోయించాడు. ఎకరం పంట కుప్పవేసి కప్పగలిగాడు. మిగతా అరెకరం పనలు ఎత్తేలోగా చినుకులు మొదలయ్యాయి.

శుక్రవారం మొదలైన వాన ఆదివారం పొద్దున ఆగింది. శనివారం కొలతకు గొడుగు పట్టుకుని వెళితే గొడుగు పక్కింటి గడ్డివామి మీదికి పోయింది. డబ్బా పొంగకుండా ఆ రోజు రెండుసార్లు కొలిచాడు. నూట పద్దెనిమిది మిల్లీమీటర్లు. చేలు కొంత పడిపోయాయి. ఎకరానికి రెండు, మూడు బస్తాల నష్టం ఎవరికీ తప్పలేదు. కానీ కాలవ లాగేసింది. ఒకటిన్నర రోజులో నీళ్ళు దిగిపోయి మళ్ళు కనపడ్డాయి. దిగువ ఊళ్ళో నాలుగు రోజులు నీళ్ళు నిలిచి గింజ నల్లబడిందని విన్నప్పుడు, అక్కడివాళ్ళకు కూడా ఫోను చెయ్యవలసిందని కోటేశ్వరరావు చాలాసేపు బాధపడ్డాడు.

వాన వెలిసిన ఆదివారం మధ్యాహ్నమే రత్తయ్య వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. పైకి ఎక్కలేదు.

"అరెకరం పనలు తడిసినయ్యి. ఉప్పునీళ్ళు కొడితే మొలకరాదని ఆ అమ్మాయి అన్నదంట. ఎంత ఉప్పు?"

"లీటరుకు యాభై గ్రాములు" అన్నాడు కోటేశ్వరరావు, బొంగురు గొంతుతో.

"దీనికి సామెత ఉందా?"

"లేదు. తూకం ఉంది."

రత్తయ్య చేనువైపు తిరిగి, "అయితే పద, నువ్వే కలుపు. మళ్ళీ నేను ఎక్కువేసి, ఊరగాయ పెట్టానంటారు" అన్నాడు. ఇద్దరూ శౌరమ్మ కొట్టులో ఉన్న ఉప్పంతా మోసుకుని చేలోకి పోయారు. సాయంత్రందాకా పనలు గట్టుకు లాగి, వాటిమీద ఉప్పునీళ్ళు కొడుతూ, తాత ఆ మాట అన్నాడా లేదా అని వాదించుకున్నారు. గింజ రంగు తగ్గిందిగానీ మొలకెత్తలేదు. తాత విషయం మాత్రం తేలలేదు.

మోసం బయటపడ్డందుకు ఊరు ఏం చేస్తుందోనని కోటేశ్వరరావు చాలా రోజులు బెదిరాడు. ఏమీ చెయ్యలేదు. "ఏ సామెతైనా ఎవరో ఒకరు మొదట కూచుని కట్టిందేగా. వాళ్ళకు ఫోను లేదు, మీకుంది" అని శౌరమ్మ తేల్చేసింది. గోడమీద పుబ్బ సామెత చెరిపేద్దామని ఉషశ్రీ ఆఫీసులో అడిగితే, రంగు బాగా కుదిరింది, ఉండనివ్వమన్నారు.

ఈ ఏడు మే నెలలో తోట్లవల్లూరు వైపునుంచి ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చాడు. కార్తెల కోటేశ్వరరావుగారి ఇల్లు ఇదేనా అని కనుక్కుని, "ఈసారి చల్లమంటారా, నాటమంటారా? వానలు ఎప్పుడు పడతాయండీ?" అని అడిగాడు.

కోటేశ్వరరావు దొడ్డిలో డబ్బా కడుగుతున్నాడు. లోపల ఒక కప్ప కాపురం పెట్టి, వారంనుంచి కొలతలు తప్పుతున్నాయి.

"తెలీదండీ" అన్నాడు.

వంటింట్లో రావమ్మ చేతిలో గరిటె ఆగింది. పెళ్ళయిన ముప్ఫై తొమ్మిదేళ్ళలో ఆ మాట ఆయన నోట ఆమె వినడం అదే మొదలు. జ్వరమేమోనని బయటికి వచ్చి చూసింది.

"జూన్ పది దాటాక రండి, అప్పటికి కబురు వస్తుంది, చూసి చెబుతాను" అంటున్నాడు ఆయన, కప్పను గ్లాసుతో తోలుతూ. "ఈలోగా మీ ఊళ్ళో మురుగు కాలవ చూసుకోండి. కాస్త ఆ మూత ఇట్టా పట్టుకుంటారా?"

వచ్చినాయన ముళ్ళకంప దాటుకుని వచ్చి మూత పట్టుకున్నాడు. కప్ప అతని చొక్కా మీదికి దూకింది.